విదేశీ వాటా 100 శాతం అయిందని పాలసీ సరెండర్ చేయకండి

ప్రశ్న: మాది గుంటూరు, టీచర్‌ని. ఒక ప్రైవేటు కంపెనీలో ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టే ఎండోమెంట్ (గడువు తీరాక డబ్బు వచ్చే) పాలసీ 2022లో తీసుకుని నాలుగు ప్రీమియంలు కట్టాను. ఇన్సూరెన్స్‌లో 100 శాతం విదేశీ పెట్టుబడికి ఒప్పుకున్నారు కాబట్టి డబ్బంతా బయటి దేశాలకు పోతుంది, సరెండర్ చేసి ఎల్ఐసీలో వేయమని మా తమ్ముడు అంటున్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయేమో అక్కడ కంపెనీ మునిగినా గ్యారంటీ ఉంటుందంటున్నాడు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: టీచర్ గారూ, ముందు మీ లెక్క చూద్దాం. మీరు పాలసీ తీసుకున్నప్పటి రూల్ ప్రకారం నాలుగేళ్లు కట్టి సరెండర్ చేస్తే, అంటే మధ్యలో ఆపి డబ్బు వెనక్కి తీసుకుంటే, కంపెనీ ఇచ్చి తీరాల్సిన కనీస మొత్తం కట్టిన ప్రీమియంలో సగం, అంటే నాలుగు లక్షలకు రెండు లక్షలు. కంపెనీ తన లెక్క ప్రకారం కట్టే స్పెషల్ సరెండర్ విలువ అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు, అది బ్రాంచిలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. కానీ ఒక వార్తకు భయపడి ఇంత నష్టానికి ఒప్పుకోవద్దు.

తమ్ముడి భయానికి చట్టంలోనే సమాధానం ఉంది. బీమా చట్టం 27ఇ సెక్షన్ ప్రకారం పాలసీదారుల నిధులను ఏ కంపెనీ అయినా దేశం బయట పెట్టుబడి పెట్టకూడదు, యజమాని స్వదేశీ అయినా విదేశీ అయినా ఇదే రూల్. 2025 బడ్జెట్‌లో 100 శాతం మాట చెప్పినప్పుడు కూడా ప్రీమియం మొత్తాన్ని ఇక్కడే పెట్టుబడి పెట్టే కంపెనీలకే అన్నారు. ఎల్ఐసీ విషయంలో మాత్రం ఆయన మాటలో నిజం ఉంది, 1956 నాటి ఎల్ఐసీ చట్టం 37వ సెక్షన్ కింద ఆ పాలసీలకు కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది, ప్రైవేటు వాటికి లేదు.

ఈ వాటా గొడవ ఇప్పటిది కాదు. ప్రభుత్వం వేసిన మల్హోత్రా కమిటీ 1994లో ప్రైవేటుకు తలుపులు తెరవమంది, ఆ తర్వాత తెచ్చిన బిల్లును వ్యతిరేకత వల్ల 1997లో వెనక్కి తీసుకున్నారు, 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం చట్టం చేసి విదేశీ వాటాను 26 శాతానికి పరిమితం చేసింది. అది 49 కావడానికి 2015 వరకు పట్టింది, 2021లో 74 అయింది, 2025 డిసెంబరులో పార్లమెంటు 100కి ఆమోదం తెలిపింది. ఇన్నేళ్లూ వాదనంతా యజమాని ఎవరు అన్నదాని మీదే నడిచింది గానీ, కంపెనీ చేతులెత్తేస్తే మీలాంటివాళ్లకు ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్న వెనకబడిపోయింది. నా బాధంతా ఇదే. బ్యాంకులో డిపాజిట్‌కు ఐదు లక్షల దాకా బీమా ఉంది, ప్రైవేటు జీవిత బీమా పాలసీకి మన దేశంలో అలాంటి నిధి లేదు. మనకున్న రక్షణల్లా ముందే కనిపెట్టి ఆపే పర్యవేక్షణ ఒక్కటే. అది రంగంలోకి దిగిన సందర్భం చెబుతాను: సహారా లైఫ్ పరిస్థితి బాగోలేదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లో అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టింది, 2023 జూన్‌లో దాదాపు రెండు లక్షల పాలసీలను ఎస్‌బీఐ లైఫ్‌కు అప్పగించాలని ఆదేశించింది, ఆ నెలలోనే అప్పీలు ట్రిబ్యునల్ దానిపై స్టే ఇచ్చింది. పాలసీలు రద్దు కాలేదు. కానీ ఆ ఆదేశం రావడానికే ఆరేళ్లు గడిచిపోయాయి.

మీ అబ్బాయి చెప్పింది నిజమే, కాకపోతే సగమే. అమెరికాలో బీమాను నియంత్రించేది రాష్ట్రాలు, 1945 నాటి మెకారన్-ఫెర్గూసన్ చట్టం ఆ అధికారాన్ని వాటికే వదిలింది. కంపెనీ మునిగితే పాలసీదారులకు చెల్లించే గ్యారంటీ సంఘాలు కూడా రాష్ట్రాలవే. వాటికి పరిమితి ఉంది, చాలా రాష్ట్రాల్లో మరణ పరిహారానికి మూడు లక్షల డాలర్లు, నగదు విలువకు లక్ష డాలర్లు. 2008-09లో అక్కడి పెద్ద బీమా కంపెనీ ఏఐజీని నిలబెట్టడానికి 182 బిలియన్ డాలర్ల దాకా సాయం ప్రకటించాల్సి వచ్చింది, అంత జరిగాక కూడా 2010 చట్టంతో వచ్చిన ఫెడరల్ ఇన్సూరెన్స్ ఆఫీసుకు బీమా కంపెనీలను నియంత్రించే అధికారం ఇవ్వలేదు, రాష్ట్రాలు వదులుకోలేదు. బ్రిటన్‌లో ఈక్విటబుల్ లైఫ్ 2000లో కొత్త పాలసీలు ఆపేస్తే ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది 2010లో. ఏ దేశంలోనైనా ఎక్కువసార్లు జనం నష్టపోయాకే రూల్స్ మారాయి, ఆ మార్పు కూడా కంపెనీలూ ప్రభుత్వాలూ బేరాలాడుకున్నంత మేరకే.

మన దగ్గర ఆ బేరం ఎలా ఉంటుందో మీ పాలసీకి దగ్గరి ఉదాహరణే ఉంది. సరెండర్ విలువ బాగా పెంచాలని ఐఆర్‌డీఏఐ 2023 డిసెంబరులో ముసాయిదా పెట్టింది, కంపెనీలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి, 2024 మార్చిలో వచ్చిన నిబంధనల్లో పాత పద్ధతే దాదాపు అలాగే ఉంది. మళ్లీ జూన్‌లో సర్క్యులర్ వచ్చి మొదటి ఏడాది ప్రీమియం కట్టినా స్పెషల్ సరెండర్ విలువ ఇవ్వాలంది, అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, కొత్త పాలసీలకు. 2022లో కొన్నవాళ్లు పాత రూల్‌లోనే ఉండిపోయారు.

ఇక మీరు చేయాల్సింది. కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అని ఉంటుంది, అందులో ఎల్-32 ఫారం తెరిచి కంపెనీకి చెల్లింపుల సత్తా ఎంతుందో చెప్పే సాల్వెన్సీ రేషియో చూడండి, 1.5 కంటే తగ్గకూడదు. వరసగా నాలుగైదు త్రైమాసికాలు చూసి, అంకె పడిపోతూ ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. పెయిడప్ చేస్తే, అంటే ఇక ప్రీమియం కట్టకుండా పాలసీని తగ్గిన మొత్తంతో కొనసాగిస్తే, మెచ్యూరిటీకి ఎంత వస్తుందో కూడా సరెండర్ విలువతో పాటే అడగండి, ప్రీమియం భారమనిపిస్తే సరెండర్ కన్నా అదే నయం కావచ్చు. అన్నిటికన్నా ముందు మీకు విడిగా టర్మ్ పాలసీ (మరణిస్తేనే పరిహారం ఇచ్చేది) లేకపోతే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు కూడా. అమెరికాలో కొనాల్సిన అవసరం మీకు లేదు, తన సంపాదన మీద ఆధారపడినవాళ్లు ఉంటే మీ అబ్బాయి తన కోసం అక్కడ తీసుకోవాలి.

కంపెనీ ఈ వివరాలు ఇవ్వకుండా తిప్పితే ముందు వాళ్లకే రాతలో ఫిర్యాదు చేయండి, నెలలోపు జవాబు రాకపోతే ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆఫీసు కిందికే వస్తుంది, ఫీజు ఉండదు, లాయర్ అక్కర్లేదు. సరెండర్ విలువ, పెయిడప్ విలువ రెండూ చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి, మిగిలిన ఆరు ప్రీమియంలు కట్టాలా వద్దా అన్నది ఆ అంకెలు పెట్టుకుని తేల్చుకుందాం.