ఆఫీసు గోడకు పక్షుల బొమ్మలా? ముందు మన పిట్టల సంగతి చూడండి

"కొత్త ఆఫీసు లాబీ గోడంతా పక్షుల బొమ్మలు పెట్టాలనుకుంటున్నాం, పెయింట్ మంచిదా, ప్రింట్ చేసిన వినైల్ షీట్ మంచిదా" అని మీలో ఒకరు రాసి అడిగారు. పెయింటే, ఇందులో రెండో మాట లేదు. కొత్త గోడలో తడి ఆరకముందే షీట్ అతికిస్తే బుడగలు లేస్తాయి. పెయింట్ అయితే చెడిన చోట మళ్లీ వేసుకోవచ్చు. కానీ నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అది కాదు. ఏ పక్షులు వేయిస్తున్నారు?

నేను నల్గొండలో బోర్డులు రాస్తూ ఈ పనిలోకి వచ్చాను. ఫ్లెక్సీలు వచ్చాక అక్షరాలు రాసేవాళ్ల పొట్ట కొట్టినట్టయింది. నాకంటే చక్కటి చేతిరాత ఉన్నవాళ్లు కుంచె పక్కన పడేసి ఆటో నడుపుకుంటున్నారు. ఇప్పుడు కంపెనీల వల్ల గోడ బొమ్మలకు మళ్లీ గిరాకీ వచ్చింది, సంతోషమే. అయితే ఎక్కడికి వెళ్లినా చేతిలో పెట్టే డిజైన్ ఒకటే: ఇంటర్నెట్‌లో దొరికిన మకావ్ చిలుకలు, వెనకాల పెద్ద పెద్ద ఆకులు. దక్షిణ అమెరికా అడవి చిలుకకు పాలమూరు ఆఫీసులో ఏం పని?

మహబూబ్‌నగర్ వైపు ఒక కంపెనీలో నాకూ అదే ప్రింటవుట్ ఇచ్చారు. పట్టుబట్టి పాలపిట్టకు ఒప్పించాను. తెలంగాణ రాష్ట్ర పక్షి కాబట్టి కాదనలేకపోయారు. గోడకు గళ్లు కొట్టుకుని, కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్టను ముందు వేశాను. అడ్మిన్ మేనేజర్ వచ్చి చూసి, "ఏంటన్నా, మట్టిరంగు పిట్టను వేశావ్? పాలపిట్ట అంటే నీలంగా ఉండాలి కదా" అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. కూర్చున్నప్పుడు దాని వీపు గోధుమ రంగే. గొంతు దగ్గర ఇటుక రంగులో కొంచెం ఊదా కలిసి ఉంటుంది, దాని మీద సన్నటి తెల్ల చారలు. నెత్తి మీద నీలం. రెక్క విప్పినప్పుడే ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా బయటపడతాయి.

"సాయంత్రం దాకా ఆగండి సార్" అని, పక్కనే రెక్కలు విప్పి లేస్తున్న రెండో పిట్టను మొదలుపెట్టాను. లేత నీలం పట్టీ పడేసరికి, టీ కప్పులు తీసుకుపోతున్న క్యాంటీన్ అక్క అక్కడే నిలబడిపోయింది. "ఇది మా చెల్కల తీగ మీద కూసుంటది గదన్నా, ఎగిరితే గిట్లనే మెరుస్తది" అంది. మేనేజర్ మళ్లీ రంగు మాట ఎత్తలేదు. మిగతా గోడంతా నా ఇష్టానికే వదిలేశారు.

ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు వేశాను. ఇక్కడ చాలామంది ఆర్టిస్టులు జంటలో రెండింటికీ పసుపు రంగు పూసేస్తారు. పసుపు నెత్తి మగదానికే, అదీ గూడు కట్టే వానాకాలంలోనే. ఆడది చూడటానికి పిచ్చుకలా ఉంటుంది. కింద నీళ్లలో బుడుబుంగ పిట్టలు, గట్టున లకుముకి పిట్ట. ఇవన్నీ మా పానగల్లు ఉదయసముద్రం చెరువు గట్టు మీద కూర్చుని చూసుకున్నవే. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ పక్షుల పరిశోధన కేంద్రం గోడ మీద జేన్ కిమ్ అనే ఆర్టిస్టు ప్రపంచ పటం వేసి, 243 పక్షి కుటుంబాలకు ఒక్కో పక్షి చొప్పున నిజమైన సైజులో చిత్రించింది. ఏ పక్షి ఎక్కడిదో పటం మీద అక్కడే ఉంటుంది. అంత పెద్ద సంస్థే ఏ నేల పిట్టను ఆ నేల మీద పెట్టింది, మనకేం అడ్డం?

పాలపిట్ట మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పాలి. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మన పెద్దలు ఊరవతలికి వెళ్లేవారు. ఇప్పుడు కొన్నిచోట్ల పంజరంలో పెట్టి తెచ్చి, చూపించి డబ్బులు అడుగుతున్నారు. దాన్ని పట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దయచేసి ఎవరూ పైసా ఇవ్వకండి.

మీ గోడ విషయానికొస్తే, పెయింటర్‌ను పిలవకముందే ఏసీ పైపులు, కేబుళ్లు, కంపెనీ బోర్డు ఎక్కడ వస్తాయో ఖాయం చేసుకోండి. నేను చెప్పిన ఆ కంపెనీలోనే తర్వాత ఒకసారి వెళ్లి చూస్తే, కొంగ మెడకు అడ్డంగా డ్రిల్లింగ్ చేసి కేబుల్ పైపు బిగించారు. చూసి కడుపు రగిలిపోయింది. నేరుగా ఎండ పడే గోడ అయితే ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి, అక్కడ ఆ రంగులు తక్కువ పెట్టమనండి. మీ ఆఫీసు ఏ ఊళ్లోనో రాయలేదు. కామెంట్‌లో చెప్పండి, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అయితే దగ్గర్లోని ఏ చెరువుకు వెళ్తే ఏ పిట్టలు కనిపిస్తాయో రాస్తాను. ఆర్టిస్టును వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లండి.