చిన్న కీబోర్డు కొనే ముందు

ప్రశ్న: నా టేబుల్ బాగా ఇరుకు. వాలొరెంట్ ఆడుతుంటే మౌస్ వచ్చి పెద్ద కీబోర్డుకు తగులుతోంది. 61 కీల మెకానికల్ కీబోర్డు కొందామనుకుంటున్నాను. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకున్న ప్రామాణిక కీల అమరిక) తెలుగు టైపింగూ చేస్తాను. సరిపోతుందా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: ఒక్క ఆటకే అయితే సరిపోతుంది. తెలుగు టైపింగ్ ఉంది కాబట్టి మీకు మాత్రం వద్దు. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘ొ’ గుర్తు 1 అంకెకు ఎడమ పక్క కీ మీద ఉంటుంది. షిఫ్ట్‌తో నొక్కితే ‘ఒ’ వస్తుంది. 61 కీల బోర్డులో సాధారణంగా అక్కడ ఎస్కేప్ ఉంటుంది. ‘కొబ్బరి’ కొట్టాలంటే ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కాలి. ‘ఒక’ రాయాలంటే షిఫ్ట్ కూడా చేరి మూడు కీలు. 61 కీలదానికంటే కాస్త పెద్దవైన 65 శాతం బోర్డుల్లోనూ (పెద్ద కీబోర్డుతో పోల్చి చెప్పే సైజు పేరు ఇది) చాలావాటిలో ఇదే తంటా.

అందుకని 75 శాతం సైజు తీసుకోండి. పైన ఎఫ్ కీల వరుస, పక్కన బాణం కీలు అన్నీ ఉంటాయి, ‘ొ’ కీ దాని చోటే దానికి ఉంటుంది. పెద్ద కీబోర్డు వెడల్పు సుమారు 44 సెం.మీ., 61 కీలది 30, ఇది 32–33. అంటే 61 కీలదానితో పోలిస్తే మౌస్‌కు తగ్గే చోటు రెండు మూడు సెంటీమీటర్లే. కొనే ముందు ఫొటోలో 1 పక్కన ఏ కీ ఉందో కళ్లారా చూసుకోండి.

ప్రతి కీ కింద ఉండే స్విచ్ లీనియర్ రకం (టక్కుమనకుండా నున్నగా దిగేది), 45 గ్రాముల ఒత్తిడి దగ్గర పలికేది చాలు. బ్లూ స్విచ్‌ల టకటకకు రాత్రిపూట ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆట వైరుతోగానీ 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తోగానీ (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న వైర్‌లెస్ రిసీవర్) ఆడండి, బ్లూటూత్‌తో వద్దు. పోలింగ్ 1000 హెర్ట్జ్ ఉండాలి: అంటే కంప్యూటర్‌కు కబురు ప్రతి 1 మిల్లీసెకనుకు వెళ్తుంది. 125 హెర్ట్జ్ అయితే 8 మిల్లీసెకన్లకోసారి.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు. హాట్‌స్వాప్ సాకెట్లున్న బోర్డే కొనండి. స్విచ్‌లోని రాగి రేకులకు చెమ్మ పట్టి పాడైతే ఆ ఒక్క స్విచ్ మార్చుకుంటే సరిపోతుంది, టంకం పని ఉండదు.

ప్రశ్న: హాట్‌స్వాప్ బోర్డులో డబ్ల్యూ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. బోర్డు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, భోగాపురం

జవాబు: ముందే అలా అనుకోకండి. వైరు తీసేసి, పుల్లర్‌తో (స్విచ్ లాగే చిన్న పనిముట్టు) డబ్ల్యూ, స్క్రోల్ లాక్ స్విచ్‌లు రెండూ నిలువుగా లాగి అటుదిటు మార్చండి. స్క్రోల్ లాక్ లేకపోతే మీరు ఎక్కువ వాడని ఏ కీ అయినా ఫరవాలేదు. తప్పు స్విచ్‌తోపాటే కొత్త చోటుకు వెళ్లిందంటే స్విచ్ మారిస్తే చాలు. డబ్ల్యూ దగ్గరే మిగిలితే సాకెట్‌దో బోర్డుదో లోపం.

కొత్త స్విచ్ పెట్టే ముందు దాని రెండు లోహపు కాళ్లు తిన్నగా ఉన్నాయో లేదో చూడండి. కాలు వంగి ఉండగా గట్టిగా అదిమితే అది మడతపడి కీ అసలు పలకదు. మరీ అదిమితే వెనకున్న సాకెట్ టంకం ఊడుతుంది. 5 కాళ్ల స్విచ్ 3 కాళ్ల బోర్డులో పట్టకపోతే, పక్కనున్న రెండు ప్లాస్టిక్ కాళ్లను గోళ్ల కత్తెరతో కత్తిరించేయండి. లోహపు కాళ్ల జోలికి మాత్రం పోవద్దు.