పెళ్లి వీడియోల ఎడిటింగుకు ఏ కంప్యూటర్ కొనాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్ అయ్యాక ఏడాదిగా ఒక స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు. ఇక ఇంటి దగ్గరే సొంతంగా చేసుకుంటాను, కంప్యూటర్ కొనిపెట్టమంటున్నాడు. దుకాణంవారు లక్షా నలభై వేలకు కొటేషన్ ఇచ్చారు. కోర్ ఐ7 ఎఫ్ రకం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 165 హెర్ట్జ్ మానిటర్, రంగు లైట్ల క్యాబినెట్ రాశారు. దాదాపు సగం డబ్బు ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ గ్రాఫిక్స్ కార్డుకే పోతోంది. వాయిదాల మీద తీసుకోమంటున్నారు. కొనవచ్చా? ఈ పనిని నమ్ముకుని డిగ్రీ మానేస్తే ఫరవాలేదా?

జవాబు: మీ అబ్బాయి పని చేతికి వచ్చాక కంప్యూటర్ అడుగుతున్నాడు. కాబట్టి కొనివ్వమనే చెబుతాను. కానీ ఈ కొటేషన్ ప్రకారం వద్దు. ఇది గేములాడేవారి కోసం రాసిన జాబితా.

ముందు ఆ ‘ఎఫ్’ సంగతి చూద్దాం. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ఎఫ్ ఉంటే, అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదని అర్థం. విడిగా కార్డు ఉంది కదా అని, కాస్త చవకగా వస్తుందని దుకాణాల్లో అదే రాస్తారు. గేములకు దానివల్ల నష్టం లేదు. ఎడిటింగుకు మాత్రం ఆ భాగంలో ఉండే క్విక్ సింక్ ఎంతో ముఖ్యం. వీడియో ఫైళ్లను వేగంగా విప్పి చూపించేది అదే. పెళ్లిళ్లకు వాడుతున్న సోనీ, కెనాన్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో 10 బిట్ 4:2:2గా, అంటే రంగుల వివరాలు ఎక్కువగా ఉండేలా, రికార్డు చేసే వీలుంది. ఆ ఫైళ్లను 11వ తరం నుంచి ఇంటెల్ గ్రాఫిక్స్ సులువుగా విప్పుతుంది. ఆర్‌టీఎక్స్ కార్డులు చేసే ఎన్‌విడియాలో ఆ సామర్థ్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే మొదలైంది. మీకు రాసిచ్చినది 40 సిరీస్. అలాంటి ఫైలు పెట్టినప్పుడు దాన్ని విప్పే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, టైమ్‌లైన్ మీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అంత డబ్బు పోసిన కార్డు అక్కడ అక్కరకు రాదు.

ఊహించనక్కర్లేదు, చూసి తేల్చుకోవచ్చు. స్టూడియోలోని ఒక పెళ్లి ఫైలును మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవమనండి. క్రోమా సబ్‌శాంప్లింగ్ అన్నచోట 4:2:0 ఉంటే ఈ చిక్కు లేదు. హెచ్.265 (హెచ్‌ఈవీసీ) ఫైలై 4:2:2 ఉంటే ఎఫ్ లేని ప్రాసెసరే తీసుకోండి, ఐ5 అయినా చాలు.

కార్డు అసలే అక్కర్లేదని కాదు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలర్ గ్రేడింగ్ (రంగులు దిద్దడం), నాయిస్ (బొమ్మలోని గరుకు చుక్కలు) తగ్గించడం వంటివి కార్డు మీదే నడుస్తాయి. స్టూడియోలో ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే భారం ఎక్కువగా ప్రాసెసర్‌దే. ఏది వాడుతున్నాడో అడగండి. మొదట మధ్యరకం కార్డు చాలు, రిజాల్వ్ పని పెరిగాక పెద్దది కొనుక్కోవచ్చు. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో 4కే వరకు అవుట్‌పుట్ వస్తుంది, కాబట్టి క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. వైరస్ పట్టి ఒక్క పెళ్లి ఫుటేజీ పోయినా ఊళ్లో తలెత్తుకోలేడు.

కార్డు మీద మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలంటే, మొదట డిస్కుల మీద. 4కే వీడియోను సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. మూడు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే 540 జీబీ. వాళ్లు రాసిన 512 జీబీలో ఒక్క పెళ్లి పట్టదు, విండోస్‌కు చోటు ఎలాగూ కావాలి! పని చేయడానికి కనీసం 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ), అయిపోయిన పెళ్లిళ్లకు 4 టీబీ హార్డ్ డిస్కు, దానికి నకలుగా బయట పెట్టుకునే మరో డిస్కు తీసుకోండి. ఆ మూడోది ఖర్చు దండగ అనిపిస్తుంది కానీ, ఫైలు పోయిందని పెళ్లికూతురి చేత మళ్లీ తలంబ్రాలు పోయించలేం.

ర్యామ్ 32 జీబీ ఉండాలి, 16 చొప్పున రెండు స్టిక్కులుగా. ఒకటే స్టిక్ అయితే వేగం తగ్గుతుంది. ఆల్బమ్ షీటు 12×36 అంగుళాలు, 300 డీపీఐ అంటే దాదాపు 3.9 కోట్ల పిక్సెళ్లు. ఫొటోషాప్‌లో పూర్తి సైజు లేయరు ఒక్కటే సుమారు 117 ఎంబీ తింటుంది. పది లేయర్లతో షీట్లు నాలుగు తెరిస్తే వాటికే దాదాపు 4.7 జీబీ, పక్కన వీడియో ఎడిటింగ్ కూడా నడిస్తే 16 జీబీ ఇరుకైపోతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఒకేసారి రెండూ కష్టమైతే బోర్డులో నాలుగు స్లాట్లు ఉండేలా చూసి తర్వాత పెంచుకోండి.

మానిటర్‌కు 165 హెర్ట్జ్ దేనికి? తెర సెకనుకు అన్నిసార్లు మారడం గేములకే కావాలి. ఐపీఎస్ ప్యానెల్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది అడగండి, అంటే రంగులు సరిగా చూపేది. పట్టుచీర ఎరుపు తెరమీద ఒకలా, ల్యాబు నుంచి వచ్చిన ఆల్బమ్‌లో ఇంకోలా ఉంటే గొడవపడేది ఆడపెళ్లివారు. మీ ఊళ్లో కరెంటు పోతూ ఉంటే 1 కేవీఏ యూపీఎస్, మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) తప్పనిసరి. రంగు లైట్లు మానేస్తే వాటి ఖర్చు కొంత ఇందులో సర్దుబాటవుతుంది.

ఇక వాయిదాలు వద్దు. ఈ పని ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు, బ్యాంకువారు మాత్రం ఆగరు. చేతిలో ఉన్నంతకే కొని, మిగతా భాగాలు సంపాదన వచ్చేకొద్దీ పెంచుకోనివ్వండి. డెస్క్‌టాప్‌కు ఉన్న సౌకర్యమే అది. భారీ ఫైళ్లకు ప్రాక్సీలు చేసుకుంటే, అంటే చిన్న నకళ్ల మీద ఎడిట్ చేసి చివర అసలు ఫైళ్లతో అవుట్‌పుట్ తీస్తే, మామూలు యంత్రం మీద కూడా పని సాగుతుంది.

డిగ్రీ మాత్రం మాన్పించకండి. కాలేజీకి వెళ్లడం కుదరకపోతే దూరవిద్య నడిపే ఇగ్నోలో చేరవచ్చు. రేపు పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎఫ్‌టీఐఐలో ఎడిటింగ్ చదవాలనిపిస్తే ఏదో ఒక డిగ్రీ అడుగుతారు. ఇప్పుడే కాలేజీలో చేరతానంటే హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫొటోగ్రఫీ ప్రధానంగా బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది.

కొత్త జాబితా రాసుకుని అదే దుకాణంతో పాటు ఇంకో రెండు చోట్ల ధర అడగండి, వీలైతే కంప్యూటర్ దుకాణాలకు పేరున్న సికింద్రాబాద్ సీటీసీలో కూడా. ‘అసెంబుల్డ్ కంప్యూటర్ ఒకటి’ అని ఒక్క ముక్కలో రాసిన బిల్లు తీసుకోవద్దు. వారంటీ ఒక్కో భాగానికి వేరువేరుగా ఉంటుంది, ప్రతిదాని మోడల్, సీరియల్ నంబరు విడిగా రాయించుకోండి.