మొక్క కణంలో రిక్తికకే (వాక్యూల్, అంటే పొర చుట్టిన ద్రవం సంచి) అంత చోటు ఎందుకు? అందులో ఉండేది వట్టి నీళ్లేనా?

వట్టి నీళ్లు కావు. ఇంటర్ పిల్లలకు బోటనీ ప్రాక్టికల్స్ చేయించడం నా పని. ఈ సందేహం పుస్తకంలో బొమ్మ చూస్తే తీరదు, మైక్రోస్కోప్ కింద రియో ఆకు పొర పెడితే తీరుతుంది. ఆకు అడుగు వైపు ఊదాగా ఉండే కుండీ మొక్క అది, నర్సరీల్లో తేలిగ్గా దొరుకుతుంది. ఆకును వాలుగా చించితే అడుగు పొర పల్చగా ఊడివస్తుంది. స్లైడ్ మీద నీటిచుక్కలో పెట్టి చూస్తే కణాలన్నీ గోడల దాకా ఊదాగా నిండి కనిపిస్తాయి. ఆ రంగు ఆంథోసయనిన్. అది కరిగి ఉండేది రిక్తికలోనే.

ఇప్పుడు కవర్‌స్లిప్ ఒక అంచున చిక్కటి ఉప్పునీటి చుక్క వేసి, రెండో అంచున బ్లాటింగ్ పేపర్ ఆనించండి. కాసేపటికి ఊదా మూలల దగ్గర గోడను వదిలి లోపలికి జరుగుతుంది, చివరికి కణం నడుమ ముద్దలా మిగులుతుంది. గోడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది (బొమ్మలో దాన్ని కూడా ముడతలు పెట్టేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు). ముద్ద చిన్నదయ్యేకొద్దీ రంగు చిక్కబడటం గమనించండి. నీరు పోయింది, రంగు పోలేదు. రిక్తిక చుట్టూ ఉన్న పొర నీటిని వదిలి రంగును ఆపింది. ఆ పొరకు టోనోప్లాస్ట్ అని 1885లో పేరు పెట్టింది డచ్ వృక్షశాస్త్రవేత్త హ్యూగో డీ వ్రీస్.

ఇక చోటు సంగతి. ముదిరిన కణంలో 90 శాతం దాకా రిక్తికే ఉండొచ్చు. ప్రొటీన్లతో కణద్రవ్యాన్ని (సైటోప్లాజమ్, రిక్తిక బయట కణంలో ఉండే చిక్కటి పదార్థం) పెంచడం మొక్కకు ఖర్చు. నీళ్లు, లవణాలు నింపుకుంటే చవగ్గా కణం పెద్దదవుతుంది. లోపలి నుంచి గోడను నెట్టే ఆ నీటి ఒత్తిడే లేత కాడలను నిలబెడుతుంది. వాడిన కొత్తిమీర కాడలు నీళ్లలో పెడితే మళ్లీ లేచేది అందుకే.

దాచుకోవడానికీ అదే చోటు. నిమ్మతొనల పులుపంతా రిక్తికల్లోదే. ఉల్లిలో అల్లినేజ్ ఎంజైమ్ రిక్తికలో, దానితో కలిసి ఘాటు పుట్టించే సల్ఫర్ పదార్థాలు బయట కణద్రవ్యంలో విడివిడిగా ఉంటాయి. కత్తి పడిందా, రెండూ కలుస్తాయి, కళ్లు మండుతాయి.

రియో దొరక్కపోతే బీట్‌రూట్ ముక్కలు తీసుకోండి. కోసినచోట కారే రంగు పోయేదాకా కడిగి, ఒకటి చన్నీళ్లలో, ఒకటి మరిగే నీళ్లలో వేయండి. వేడికి పొరలు చెడి రెండో గిన్నె ఎర్రబడుతుంది, మొదటిది దాదాపు అలాగే ఉంటుంది.