ఒక్కదానివేనా?

"ఇప్పటిదాకా దేశం దాటలేదు. ఒంటరిగా ఒక కొత్త నగరానికి వెళ్ళాలని ఉంది. దిగగానే ఎలా ఉంటుంది, భయం వేస్తుందా?" అని అడిగారు. నా సంగతి చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

మాది హన్మకొండ. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. ధైర్యం ఎక్కువై ఒంటరిగా వెళ్ళానని అనుకోకండి. ముగ్గురం కలిసి వియత్నాం రాజధాని హనోయికి టికెట్లు తీసుకున్నాం. ఒకావిడ మామగారికి ఆపరేషన్ పడింది, ఇంకొకావిడకు సెలవు దొరకలేదు. టికెట్ డబ్బులు వాపసు రావు. ఆన్‌లైన్‌లో 25 డాలర్లు కట్టిన వీసా అప్పటికే చేతిలో ఉంది. పోతే పోనీ అని వదిలేయడానికి మనసొప్పలేదు.

అమ్మ నాలుగు రోజులు ఒకటే పాట: "ఒక్కదానివే ఎట్ల పోతవ్ బిడ్డా?" బాపు మాత్రం పేపర్ మడిచి, "హో చి మిన్ ఊరు గదా, పోయి రా. ఆయన సమాధి కాడ ఫోటో దిగి పంపు" అన్నాడు. హో చి మిన్ అంటే వియత్నాం విప్లవ నాయకుడు. వరంగల్‌లో ఆ వయసువాళ్ళలో చాలామందికి వియత్నాం మ్యాపులో ఎక్కడుందో తెలియకపోవచ్చు గానీ గోడమీద రాతల్లో చదివిన పేరుగా బాగా తెలుసు.

కౌలాలంపూర్‌లో విమానం మారి, గురువారం మధ్యాహ్నం నోయ్ బాయ్ విమానాశ్రయంలో దిగాను. టాక్సీల మోసాల గురించి ముందే చదివి బెదిరిపోయి ఉన్నాను కాబట్టి నేరుగా 86 నంబరు బస్సు ఎక్కాను. నారింజ రంగు బస్సు. టికెట్ 45 వేలు అనగానే ఒక్క క్షణం గుండె జారింది. వాళ్ళ డాంగ్‌లు మూడొందలైతే మన రూపాయి, అంటే టికెట్ నూటయాభై రూపాయలే.

గంట ప్రయాణంలో పక్క సీటు పెద్దావిడ ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. ఇది మీకు చిన్న విషయంగా కనిపించవచ్చు. కాజీపేటలో రైలెక్కితే ఘన్‌పూర్ వచ్చేలోపు పక్కనావిడకు నా ఊరు, ఉద్యోగం, పిల్లలెందరు, ఆయన ఏం చేస్తాడు, అన్నీ తెలిసిపోతాయి. ఆ ప్రశ్నలంటే నాకు చికాకే. కానీ ఎర్ర నది మీద వంతెన దాటుతుంటే, ఈ ఊళ్ళో నేనెవరో అడిగే మనిషి ఒక్కరూ లేరు కదా అనిపించి గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. భయం వేస్తుందా అని అడిగారు కదా. నాకు ముందు వచ్చింది భయం కాదు, ఇది.

గది పాతబస్తీలో తీసుకున్నాను. ముప్పై ఆరు వీధులని పేరు. చాలా వీధుల పేర్లు 'హాంగ్' అని మొదలవుతాయి, అంటే సరుకు. హాంగ్ బాక్ వెండి వీధి, హాంగ్ మా పూజల్లో కాల్చే కాగితపు సామాన్ల వీధి, హాంగ్ థియెక్ రేకు పనివాళ్ళది. ఆ రేకు వీధిలో ఇప్పటికీ సుత్తి చప్పుడు వినిపిస్తుంది. మన బట్టల బజార్, మండి బజార్ తెలిసినవాళ్ళకు ఈ లెక్క ఒక్క పూటలో అర్థమైపోతుంది. అర్థం కానిది రోడ్డు దాటడం.

హన్మకొండ చౌరస్తాలో ఇరవై ఏళ్ళుగా రోడ్డు దాటుతున్నదాన్ని, నాకేంటి అనుకున్నాను. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, నేను అలవాటు కొద్దీ చూడకూడని వైపు చూస్తున్నాను. స్కూటర్లు వరదలా వస్తున్నాయి, మధ్యలో సందు లేదు. పది నిమిషాలు నిలబడ్డాను. రెండుసార్లు అడుగు వేసి వెనక్కి వచ్చాను. ఇంతలో ఆకుకూరల సంచి పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. ఆగలేదు, చెయ్యి ఎత్తలేదు, ఇంట్లో వంటింటి నుంచి వాకిట్లోకి నడిచినట్టు నడిచింది. నేను ఆమె నీడలో దూరిపోయాను. స్కూటర్లు మా ముందు నుంచి, వెనక నుంచి చీలిపోయి వెళ్ళాయి, ఒక్కరూ హారన్ కొట్టి తిట్టలేదు.

తర్వాత కిటుకు అర్థమైంది. బండి నడిపేవాడు మీ నడక చూసి, మీరు ఇంకో రెండు సెకన్లలో ఎక్కడుంటారో లెక్కేసుకుని పక్క నుంచి పోతాడు. మనం ఇక్కడ చేసినట్టు చెయ్యి చూపించి పరుగెత్తితే ఆ లెక్క తప్పుతుంది. మధ్యలో ఆగినా తప్పుతుంది, వెనక్కి తిరిగారంటే ఇక అంతే. ఒకే వేగంతో మెల్లగా నడవాలి. ఒక మాట మాత్రం చెప్పాలి. ఇది స్కూటర్లకే. కారు, బస్సు వస్తుంటే మర్యాదగా ఆగండి.

రోడ్డు దాటిన సంబరంలో ఉండగానే మోసపోయాను. శంఖాకారపు టోపీ పెట్టుకున్న ఒకామె కావడి మోసుకుంటూ వచ్చింది. అచ్చం మన కావడే, రెండు వైపులా బుట్టలు, వాటిలో నువ్వులద్దిన గుండ్రటి తీపి వడలు. నవ్వుతూ కావడి నా భుజం మీద పెట్టేసింది, టోపీ తలమీద పెట్టింది, ఫోటో తీసుకోమని సైగ చేసింది. దిగగానే వడల పొట్లం చేతిలో ఉంది. సరే, ఇరవై వేల నోటు ఇచ్చాను. కనీసం అలా అనుకున్నాను. రాత్రి గదిలో లెక్క చూసుకుంటే తేలింది, నేనిచ్చింది ఐదు లక్షల నోటు. రెండూ నీలమే, రెండూ ప్లాస్టిక్‌లా జారిపోయే నోట్లు, రెండింటి మీదా అదే హో చి మిన్ బొమ్మ. వడలకు పదహారు వందల పైచిలుకు పడింది. ఇంటికి చెప్పలేదు. మీరు వెళ్తే ఐదు లక్షల నోట్లను పర్సులో వేరే అరలో పెట్టుకోండి. హనోయి గురించి నేనిచ్చే సలహాల్లో దమ్మున్నది ఇదొక్కటే.

ఆ రాత్రి మాత్రం కష్టంగా గడిచింది. మేము చికెన్, మటన్ తింటాం, మిగతావి తినం. గల్లీలో ప్రతి గిన్నెలోంచీ చేపల పులుసు విరిగినట్టు ఒక వాసన. అది వాళ్ళ చేపల సాస్ అని తెలుసు, తెలిసినా కడుపు ఒప్పుకోలేదు. గదికొచ్చి అమ్మ పెట్టిన డబ్బా తీస్తే సకినాలన్నీ పిండి అయిపోయాయి. ఆ పిండిలో కాస్త మామిడికాయ తొక్కు కలుపుకుని చెంచాతో తిన్నాను. అక్కడి టైం మనకంటే గంటన్నర ముందు. తొమ్మిదింటికి ఫోన్ చేస్తే అమ్మ ఇంకా పొయ్యి దగ్గరే ఉంది. "ఏం తిన్నవ్?" అంది. "మంచిగనే తిన్న" అన్నాను.

శుక్రవారం పొద్దున ఆకలికి తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. గల్లీ చివర ఒకామె చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి పసుపు రంగు అన్నం అమ్ముతోంది. జిగురు బియ్యం, పైన ఉడికించి ముద్దచేసిన పెసరపప్పును కత్తితో సన్నగా తరిగి రాలుస్తుంది, దాని మీద ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, ఒక గరిటె నూనె. అరటాకులో పొట్లం కట్టి ఇస్తుంది. పేరు సోయ్ సేవ్. నాలుక మీద పెట్టుకోగానే పులగం గుర్తొచ్చింది. అక్కడివాళ్ళలాగే స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని రెండో పొట్లం కూడా తిన్నాను. అప్పుడు గమనించాను. ఆడమనిషిని ఒక్కదాన్నే రోడ్డు పక్కన కూర్చుని తింటున్నాను, ఎవరూ చూడటం లేదు. హన్మకొండలో టీ కొట్టు దగ్గర ఐదు నిమిషాలు ఒంటరిగా నిలబడితే ఎలా ఉంటుందో ఇక్కడి ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. నిన్న బస్సులో అవమానంగా తోచిన సంగతే ఇవాళ స్టూలు మీద హాయిగా ఉంది.

బాపు కోసం హో చి మిన్ సమాధికి వెళ్ళాను. సోమవారం, శుక్రవారం సెలవట. గేటు బయట నుంచి ఒక ఫోటో తీసి పంపితే "లోపలికి పోలేదా?" అని ఒక్క ముక్క వచ్చింది. దగ్గర్లోనే ఉన్న సాహిత్య దేవాలయానికి నడిచాను. 1070లో కట్టింది, అంటే మన వేయిస్తంభాల గుడి కంటే 93 ఏళ్ళు ముందు. పూర్వం రాజుగారి పరీక్షలు పాసైనవాళ్ళ పేర్లు చెక్కిన 82 రాతి ఫలకాలు ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక రాతి తాబేలు వీపు మీద. హన్మకొండ నుంచి వచ్చిన లెక్చరర్‌కు అది చూడగానే ఏం గుర్తొస్తుంది? ఫలితాల రోజు కాలేజీలు కట్టే ర్యాంకుల ఫ్లెక్సీలు. వీళ్ళది ఐదు వందల ఏళ్ళ నుంచి నిలిచి ఉంది, మనది మొదటి వానకే చిరిగిపోతుంది.

మధ్యాహ్నం హోవాన్ కియెమ్ సరస్సు మధ్యలోని గుడికి ఎర్ర వంతెన మీదుగా వెళ్ళాను. అక్కడ అద్దాల పెట్టెల్లో రెండు పెద్ద తాబేళ్ళను భద్రపరిచారు. రాఫీటస్ స్విన్‌హోయి అనే మెత్తటి చిప్ప జాతి. ఆ సరస్సులో చివరిది 2016 జనవరిలో చనిపోయింది, ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వెతికినా వేళ్ళమీద లెక్కపెట్టేన్ని లేవు. పాఠంలో 'అంతరించే జాతులు' అని ఎన్నిసార్లు చెప్పానో. అద్దానికి ముక్కు ఆనించి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, వెనక ఎవరో దగ్గితే జరిగాను.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా సరస్సు చుట్టూ బండ్లు రానివ్వరు. ముందురోజు నన్ను పది నిమిషాలు నిలబెట్టిన రోడ్డు మీదే చిన్నపిల్లలు బొమ్మకార్లు తోలుతున్నారు. బెంచీ మీద కూర్చున్నాను. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వచ్చి, ఇంగ్లిష్ మాట్లాడటం ప్రాక్టీస్ చేస్తాం, పది నిమిషాలు కూర్చోవచ్చా అన్నారు. అక్కడ అది మామూలేనట. కూర్చోగానే మొదటి ప్రశ్న "మీ వయసెంత?" రెండోది "పెళ్ళయిందా?" మూడోది "ఒక్కరే వచ్చారా?"

పగలబడి నవ్వాను. కాజీపేట రైలు ఇక్కడి దాకా వచ్చేసింది అనిపించింది. పాపం, ఏదో తప్పు అడిగామనుకుని కంగారుపడి ఒకమ్మాయి వివరించింది. వాళ్ళ భాషలో 'మీరు', 'నువ్వు' అని ఊరికే అనడం కుదరదు, అక్కా, చెల్లీ, అత్తా అని వరస పెట్టే మాట్లాడాలి. వయసు తెలియకపోతే వరస ఎలా కలుపుతారు? మన దగ్గరా అంతే అన్నాను. నాకు 39 అని చెప్పగానే ఆ పిల్ల నా మొహంలోకి చూసి గౌరవంగా "చీ" అంది.

నా మొహం మారి ఉంటుంది. "చీ" అంటే అక్క అట. మా భాషలో ఆ మాటకు అర్థమేంటో చెప్పాక ముగ్గురం నవ్వాపుకోలేకపోయాం. కాసేపటికి నేను కాలేజీలో పాఠాలు చెప్తానని తెలిసింది. వెంటనే ఇద్దరూ కాస్త సర్దుకుని కూర్చుని, వరస మార్చి "కో" అని పిలవడం మొదలుపెట్టారు. కో అంటే మేనత్త, టీచరమ్మను కూడా అలాగే పిలుస్తారట. నాకైతే "చీ"నే బాగుంది.