4 బేల ఎన్‌క్లోజర్ కొనే ముందు: పెట్టె పాడైతే లోపలి డిస్కు చదవగలమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంట్లో ఫొటోలు, పెళ్లి వీడియోలు, డిజిటల్ చేయించిన పాత వీడియో క్యాసెట్లు అన్నీ కలిపి 9 టీబీ దాటాయి. అవన్నీ ఐదారు పోర్టబుల్ డిస్కుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చడానికి 4 డిస్కులు పట్టే, అంటే 4 బేలు (డిస్కు పెట్టే అరలు) ఉన్న ఎన్‌క్లోజర్ (యూఎస్‌బీతో కంప్యూటర్‌కు తగిలించే పెట్టె) కొంటున్నారు. రెయిడ్ 5 (డేటాను అన్ని డిస్కుల మీదా పంచి రాసి, ఒకటి పోయినా మిగతావాటి నుంచి రాబట్టే పద్ధతి) ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టాలా, రెయిడ్ లేని మామూలుది చాలా అని అడిగారు.

మామూలుది చాలండీ. మీ అవసరానికి అదే మేలు కూడా.

నేను గుంటూరులో ఇంటి దగ్గరే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఇలాంటి పెట్టెలు నా బల్ల మీద చాలా ఏళ్లుగా ఉన్నాయి. కొనేటప్పుడు అందరూ స్పీడెంత అని అడుగుతారు. నేను ముందు చూసేది వేరే. రేపు ఈ పెట్టె కాలిపోతే, లోపలి డిస్కు తీసి ఏదో ఒక కంప్యూటర్‌కు తగిలిస్తే నా ఫైళ్లు కనిపిస్తాయా? కనిపించవంటే ఆ పెట్టె నాకొద్దు.

హార్డ్‌వేర్ రెయిడ్‌తో ఉన్న చిక్కు అదే. అందులో డేటాను డిస్కుల మీద ఎలా పంచాలో పెట్టెలోని చిప్ తన పద్ధతిలో నిర్ణయిస్తుంది. బోర్డు పోతే సాధారణంగా అదే మోడల్ పెట్టె, లేదా అదే చిప్ ఉన్న పెట్టె దొరకాలి. మా ఊళ్లో ఒక స్టూడియో స్నేహితుడికి అచ్చంగా ఇదే జరిగింది. నాలుగు డిస్కులూ నిక్షేపంగా ఉన్నాయి, పోయింది బోర్డు ఒక్కటే. ఆ మోడల్ అప్పటికే మార్కెట్లో లేదు. డేటా రికవరీ వాళ్లను అడిగితే డిస్కుల ఖరీదుకు మించి చెప్పారు. చివరికి ఎవరో అమ్మకానికి పెట్టిన అదే మోడల్ పాత పెట్టె దొరికింది కాబట్టి బయటపడ్డాడు. ఈలోగా రెండు పెళ్లిళ్ల వాళ్లు ఆల్బమ్ ఎప్పుడిస్తారని రోజూ ఫోన్లు.

అసలు రెయిడ్ 5 ఎవరికోసం? ఒక డిస్కు పోయినా పని ఆగకూడని ఆఫీసుల కోసం. మన ఇంటి ఫొటోలు ఒక రోజు తెరుచుకోకపోతే కొంప మునిగేదేమీ లేదు. పైగా అది బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెయిడ్‌లోనూ డిలీట్ అవుతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే అక్కడా తాళమే. ఒక డిస్కు పోయిందనుకోండి, కొత్తది పెట్టి తిరిగి నింపడానికి మిగతా మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. 8 టీబీ డిస్కు సెకనుకు 180 ఎంబీ చొప్పున ఎక్కడా ఆగకుండా నడిచినా 12 గంటలు పైనే పడుతుంది. మే నెలలో మన కరెంటు సంగతి తెలిసి కూడా ఆ 12 గంటల టెన్షన్ ఎందుకు?

నేనైతే డిస్కులను విడివిడిగానే వాడతాను. మీ 9 టీబీకి 8 టీబీవి నాలుగు తీసుకోండి. రెండింటిలో అసలు ఫైళ్లు, రెండింటిలో వాటి కాపీలు. కాపీ చేయడానికి విండోస్‌లో ఉండే రోబోకాపీ గానీ, ఉచితంగా దొరికే ఫ్రీఫైల్‌సింక్ గానీ సరిపోతాయి. అయితే కాపీ డిస్కులను ఎప్పుడూ అదే పెట్టెలో ఉంచొద్దు. అడాప్టర్ నుంచి ఎక్కువ వోల్టేజీ వచ్చిందంటే నాలుగూ కలిసే పోతాయి. కాపీ పని ఉన్నప్పుడే పెట్టి, అయ్యాక తీసేయండి. నావి తెనాలిలో మా అక్క ఇంట్లో బీరువాలో ఉంటాయి. అక్కకు అందులో ఏముందో తెలియదు, తన పట్టుచీరల పక్కన చోటు ఆక్రమించానని మాత్రం పండక్కి వెళ్లినప్పుడల్లా గుర్తుచేస్తుంది. కొన్ని మోడళ్లలో ఒక్కో బేకి విడి పవర్ స్విచ్ ఉంటుంది, అలాంటిది దొరికితే ఈ పనికి చాలా వీలు.

పెట్టె ఇంటికి రాగానే, రిటర్న్ గడువు దాటకముందే చూడాల్సినవి ఉన్నాయి. అందరూ వదిలేసేది ఇక్కడే. ముందు ఒక ఖాళీ డిస్కును పెట్టెలో ఉంచి ఫార్మాట్ చేసి, నాలుగు ఫైళ్లు వేయండి. తర్వాత దాన్ని బయటికి తీసి డెస్క్‌టాప్‌లో నేరుగా సాటా కేబుల్‌కు (మదర్‌బోర్డు నుంచి డిస్కుకు వెళ్లే కేబుల్) తగిలించండి. ఫైళ్లు కనిపిస్తే సరే. ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగిందంటే, ఆ పెట్టెలోని చిప్ సెక్టార్ (డిస్కు డేటాను రాసుకునే చిన్న ముక్క) సైజును మార్చి చూపిస్తోందని అనుమానించాలి. 2 టీబీ పైబడిన డిస్కులను పాత కంప్యూటర్లలో కూడా నడిపించడానికి కొన్ని చిప్‌లు 512 బైట్ల సెక్టార్లను 4096గా చూపిస్తాయి. అలాంటి పెట్టె రెయిడ్ లేనిదైనా మిమ్మల్ని దానికే కట్టిపడేస్తుంది. వెనక్కి పంపేయండి.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్కు ఆరోగ్యం చూపించే విండోస్ ప్రోగ్రామ్) తెరిచి చూడండి. ప్రతి డిస్కు సీరియల్ నంబరు, ఉష్ణోగ్రత, పాడైన సెక్టార్ల లెక్క విడివిడిగా కనిపించాలి. కొన్ని చౌక పెట్టెలు ఈ వివరాలను కంప్యూటర్‌కు పంపవు, డిస్కు చివరి దశలో ఉందన్న సంగతి మీకు తెలిసే దారే ఉండదు. ఇంకొకటి, మిగతా డిస్కుల మీద ఏదైనా కాపీ అవుతుండగా ఒక డిస్కును ‘ఎజెక్ట్’ చేసి బయటికి లాగండి (ముఖ్యమైన డేటా ఎక్కించకముందే సుమా). ఆ కాపీ ఆగిపోయి, అన్ని డిస్కులూ ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తున్నాయా చూడండి. చాలా పెట్టెల్లో నాలుగు బేలూ ఒకే యూఎస్‌బీ చిప్ వెనుక ఉంటాయి. ఒక డిస్కు మొరాయిస్తే మిగతా మూడూ రీసెట్ అవుతాయి. యూఎస్‌బీ పెట్టెల్లో జెడ్‌ఎఫ్‌ఎస్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే ఫైల్ సిస్టమ్) లాంటివి వద్దని అనుభవమున్నవాళ్లు చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక అడాప్టర్. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 8 ఆంపియర్లు, అంటే 96 వాట్లు. అడాప్టర్ మీద స్టిక్కర్ చదవండి. 6 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటే, డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి లేపే ఏర్పాటు పెట్టెలో ఉండి తీరాలి. లేకపోతే డిస్కులు టిక్కుటిక్కుమంటూ లేవలేక అవస్థ పడతాయి, మనం డిస్కు పోయిందని దాన్ని తిట్టుకుంటాం. పిన్ను కూడా చూడండి. మామూలు గుండ్రటి పిన్ను అయితే అడాప్టర్ పోయినా సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో వెతికితే 12 వోల్టులది సులువుగా దొరుకుతుంది. లోపల నాలుగు సూదులుండే డిన్ పిన్ను అయితే జాగ్రత్త. ఏ సూదిలో ప్లస్, ఏ సూదిలో మైనస్ అన్నది కంపెనీకో రకం. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, చక్కగా లోపలికి వెళ్తాయి, బోర్డుతో పాటు డిస్కులనూ కాల్చేస్తాయి. ఆ రకం తీసుకుంటే అదే కంపెనీ అడాప్టర్ ఇంకొకటి ఇప్పుడే కొని దాచుకోండి.

కరెంటు పోయి వచ్చాక పెట్టె తనంతట తాను ఆన్ అవుతుందా లేదా అన్నదీ ప్లగ్ తీసి పెట్టి చూడండి. నొక్కి వదిలేస్తే మళ్లీ పైకి వచ్చే రకం బటన్ ఉన్నవి చాలావరకు ఆన్ కావు. ఎలాగైనా యూపీఎస్ మీదే పెట్టండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచండి.

వేడి విషయంలో చాలా డిస్కులకు కంపెనీలు చెప్పే గరిష్ఠ హద్దు 60 డిగ్రీలు. నేను 45 దాటితే కాపీ ఆపేస్తాను. వెనుక పెద్ద ఫ్యాన్, ముందు గాలి చొరబడే జాలీ ఉన్న లోహపు పెట్టె తీసుకోండి. టీవీ స్టాండు అరలో మాత్రం దూర్చకండి.

స్పీడ్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 5 జీబీపీఎస్ యూఎస్‌బీ ఆచరణలో సెకనుకు 400 ఎంబీ పైగా ఇస్తుంది, ఒక హార్డ్‌డిస్కు అంత వేగం అందుకోలేదు. ఇంట్లో అందరి ఫోన్ల నుంచి ఫొటోలు వాటంతటవే చేరాలంటే మాత్రం మీకు కావాల్సింది ఎన్‌ఏఎస్ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజీ పెట్టె), ఈ పెట్టె కాదు.

డిస్కులు సీఎంఆర్ రకమే (డేటా గీతలను పక్కపక్కనే విడిగా రాసేవి) కొనండి. ఎస్‌ఎంఆర్ డిస్కులు (ఆ గీతలను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసేవి) ఒకేసారి ఎక్కువ డేటా రాస్తే కొంతసేపటికి నత్తనడక పడతాయి. వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్కుల్లో కొన్నింటిలో చెప్పకుండా ఎస్‌ఎంఆర్ వాడిన సంగతి 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. అందుకే డబ్బా మీద పేరు కాదు, మోడల్ నంబరు చూసి కంపెనీ జాబితాతో సరిపోల్చుకోండి.

మోడళ్లంటే, టెరామాస్టర్ డీ4-320లో హార్డ్‌వేర్ రెయిడ్ లేదు, మీకు అలాంటిదే కావాలి. క్యూనాప్ టీఆర్-004లో రెయిడ్ ఉన్నా, వెనుక చిన్న స్విచ్‌లతో డిస్కులను విడివిడిగా వాడుకునేలా పెట్టుకోవచ్చు. ఏది కొన్నా పైన చెప్పిన పరీక్షలు మాత్రం వదలొద్దు.

మీది విండోసా, మ్యాకా అన్నది ప్రశ్నలో లేదు. విండోస్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్ అయితే మ్యాక్ సొంత ఫార్మాట్ వాడండి. రెండింట్లోనూ నడుస్తుందని ఎక్స్‌ఫ్యాట్ పెట్టేవాళ్లు చాలామంది. దాంట్లో జర్నలింగ్ (చేయబోయే మార్పును ముందే చిట్టాలో రాసుకునే ఏర్పాటు) ఉండదు, కాపీ మధ్యలో కరెంటు పోతే ఫోల్డర్లు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. రెండు రకాల కంప్యూటర్లూ ఉంటే చెప్పండి, దానికి వేరే దారి రాస్తాను.