క్లస్టర్ బాధ్యత అందుకున్న మేనకోడలికి

అమ్మాయీ,

యూనివర్సిటీ క్లస్టర్, అంటే అందరూ పంచుకునే ఆ కంప్యూటర్ల గుంపు, నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఒక్కడే మొత్తం వాడేస్తున్నాడు, ఎవరికి ఎంత లిమిట్ పెట్టాలి మామయ్యా" అన్న నీ మెసేజ్ కూడా చూశాను. ఎంత అన్నది తర్వాత. పెట్టిన లిమిట్ అసలు పనిచేస్తోందో లేదో ముందు చూడు.

కొత్తలో నేను ఒక ఆదివారమంతా కూర్చుని క్లస్టర్‌ని అందరికీ పంచే సాఫ్ట్‌వేర్ స్లర్మ్‌లో మనిషికి 64 కోర్లని (ప్రాసెసర్ భాగాలని) హద్దు పెట్టాను. సోమవారం పొద్దున్నే చూస్తే ఒక కుర్రాడు 300 కోర్ల మీద దర్జాగా జాబ్‌లు, అంటే తన ప్రోగ్రాములు, నడుపుతున్నాడు. తీరా చూస్తే స్లర్మ్ కాన్ఫిగ్ ఫైల్లో 'అకౌంటింగ్ స్టోరేజ్ ఎన్‌ఫోర్స్' లైనే లేదు. అక్కడ లిమిట్స్, క్యూఓఎస్ (ఎవరికి ఎంత అన్న నియమాల కట్ట) అని రాయకపోతే మనం పెట్టిన అంకెలు డేటాబేస్‌లో పడి ఉంటాయి తప్ప ఎవరినీ ఆపవు.

ఆ తర్వాత మెమరీ. అందరూ కోర్లే లెక్కపెడతారు, గొడవ మాత్రం మెమరీ దగ్గరే వస్తుంది. మెమరీని కూడా లెక్కలోకి తీసుకునేలా సెట్ చేశాక, డిఫాల్ట్ ఇవ్వడం మర్చిపోయావనుకో. స్క్రిప్టులో మెమరీ అడగని జాబ్‌కి స్లర్మ్ ఆ నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్) మెమరీ మొత్తం రాసిచ్చేస్తుంది. 48 కోర్ల నోడ్‌లో ఒకటి పనిచేస్తుంటే 47 ఖాళీగా కూర్చుంటాయి, బయట క్యూ బారెడు! 192 జీబీ నోడ్ అయితే కోర్‌కి 4 జీబీ తేలుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి కొంత వదిలి కోర్‌కి 3,800 ఎంబీ డిఫాల్ట్‌గా పెట్టు. జాబ్‌ని దాని హద్దులో ఉంచే లైనక్స్ ఏర్పాటు సీగ్రూప్, దాని కాన్ఫిగ్‌లో ర్యామ్ కట్టడి కూడా ఆన్ చెయ్యి. లేకపోతే 10 జీబీ అడిగి 100 జీబీ తినేవాడి వల్ల పక్కవాడి జాబ్ చస్తుంది.

ఇక నువ్వడిగిన అంకె. నా 64 కోర్ల హద్దు పనిచేయడం మొదలయ్యాక నాకు మహా గర్వంగా ఉండేది. సంక్రాంతి సెలవులొచ్చాయి, హాస్టళ్లు ఖాళీ. ఒక పీహెచ్‌డీ అమ్మాయి వచ్చి, "సార్, మెషీన్ మీద ఇంకెవరూ లేరు కదా, నా జాబ్‌లు ఎందుకు ఆగాయి?" అని మర్యాదగానే అడిగింది. క్యూలో ఏముందో చూపే ఎస్‌క్యూ (squeue) కమాండ్ కొట్టి చూశాను. ఆమెవి 64 కోర్లు నడుస్తున్నాయి, మిగతా జాబ్‌ల పక్కన క్యూఓఎస్ లిమిట్ అని కారణం, నోడ్లన్నీ ఊరికే ఉన్నాయి. ఏం చెప్పాలో తోచలేదు.

ఆ హద్దుకి మెషీన్ ఖాళీగా ఉందో కిటకిటలాడుతోందో తెలియదు. స్లర్మ్‌లోనే ఉన్న ఫెయిర్‌షేర్ అనే వంతుల పద్ధతికి కొంత తెలుస్తుంది. ఎక్కువ వాడినవాడు క్యూలో వెనక్కి పోతాడు, ఎవరూ లేకపోతే వెనకున్నవాడికే చోటు దొరుకుతుంది. పాత వాడకం బరువు సగానికి తగ్గే గడువు స్లర్మ్‌లో మామూలుగా 7 రోజులు, దాన్నే ఉంచు. అందుకే మనిషికి హద్దు కాస్త ఉదారంగా, క్లస్టర్‌లో మూడో వంతు దాకా ఇవ్వు.

అయితే ఫెయిర్‌షేర్ నడుస్తున్న జాబ్‌ని మధ్యలో ఆపదు, జాబ్ అయిపోయి చోటు ఖాళీ అయితేనే దాని మాట చెల్లుతుంది. ఒకడు మూడో వంతు నోడ్ల మీద పది రోజుల జాబ్ వేశాడంటే పది రోజులూ అందరికీ టెన్షనే. కాబట్టి కోర్ల దగ్గర కాదు, టైమ్ దగ్గర గట్టిగా ఉండు. ఒక్కో జాబ్‌కి 48 గంటలు చాలు. మధ్యమధ్యలో సేవ్ చేసుకుంటూ నడపడం నేర్పు. మొదట్లో గొణుగుతారు, గొణగనీ.

అందరూ మొదట లోపలికి వచ్చే లాగిన్ నోడ్ మీద స్లర్మ్ పప్పులుడకవు. అక్కడ లైనక్స్‌లో ప్రోగ్రాములను నడిపించే సిస్టమ్‌డీలో, ఒక్కో యూజర్ వాటా అయిన యూజర్ స్లైస్‌కి మెమరీ మ్యాక్స్, సీపీయూ కోటా పెట్టు. 400 శాతం అంటే నాలుగు కోర్లు.

ప్రొఫెసర్లు మినహాయింపు అడుగుతారు. ఇవ్వు, కానీ ఎప్పటిదాకానో తేదీ రాయించుకో. నేను రాయించుకోని ఒకటి మూడేళ్లు అలాగే ఉండిపోయింది.

అవునూ, మొత్తం వాడేస్తున్న ఆ కుర్రాడితో మాట్లాడావా? వాడి అయిపోయిన జాబ్ ఒకటి తీసి, అడిగినదాంట్లో ఎంత వాడాడో చూపే సెఫ్ (seff) కమాండ్ కొట్టి, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చూడు. 40 కోర్లు అడిగి ఒక్కటే వాడి ఉంటాడు, ఆ సంగతి వాడికీ తెలిసి ఉండదు.

మామయ్య